టైమింగ్ బెల్ట్: ఎవరి లెక్క వాళ్ళదే

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళు నలుగురు కూర్చున్నచోట "టైమింగ్ బెల్ట్ మార్పించారా?" అని అడిగి చూడండి. ఒకాయన "అదేంటి?" అంటాడు. ఇంకొకాయన షోరూమ్ సర్వీసువాళ్ళు అరవై వేలకే మార్చెయ్యమన్నారంటాడు. మరొకాయన మెకానిక్ "లక్ష దాకా దాని జోలికి పోకండి సార్, బాగున్న బండిని విప్పుకోవడం ఎందుకు" అన్నాడంటాడు. నాలుగో ఆయనకి బండి అమ్మినతను "ఇది చైన్ ఇంజన్, బెల్టే ఉండదు" అని ఒట్టేసి మరీ చెప్పాడు. విచిత్రం ఏమిటంటే, ఈ సలహాలిచ్చినవాళ్ళలో అబద్ధాలకోరులు తక్కువే. ఒకరు గ్యారంటీ లెక్క చెబుతారు, ఒకరు వాతావరణం లెక్క, ఒకరు తన చేతిమీదుగా వెళ్ళిన బండ్ల లెక్క. ఈ లెక్కలు ఎక్కడెక్కడ పుట్టాయో వెతికితే బోలెడు విశేషాలు.

◆

ముందు బెల్ట్ చేసే పని. ఇంజన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్, పైన వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్. కిందది రెండు చుట్లు తిరిగితే పైది ఒక్క చుట్టే తిరగాలి. అందుకే పైచక్రానికి కిందిదానికంటే సరిగ్గా రెట్టింపు పళ్ళు ఉంటాయి. ఇంజన్ 3,000 ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. బెల్ట్ ఒక్క పన్ను జారినా బండి వణుకుతుంది, పికప్ పోతుంది. పూర్తిగా తెగితే క్యామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం ఉన్న ఊపు మీద పైకి వస్తూనే ఉంటాయి. వచ్చి, తెరుచుకుని ఉండిపోయిన వాల్వుల్ని గుద్దుతాయి. "వాల్వులు బెండయ్యాయి, హెడ్ దింపాలి" అని మెకానిక్ చెప్పే కబురు అదే.

అన్ని ఇంజన్లూ ఇలా కాదు. కొన్నింటిలో వాల్వు పూర్తిగా కిందికి దిగినా పిస్టన్‌కి తగలనంత జాగా ఉంటుంది. బెల్ట్ తెగితే బండి ఆగుతుంది, కొత్త బెల్ట్ వేస్తే మళ్ళీ కదులుతుంది. "నాది తెగింది, ఏమీ కాలేదు, ఊరికే భయపెడతారు" అని చెప్పే పెద్దమనిషిది బహుశా అలాంటి ఇంజనే. ఆయన అనుభవం నిజమే, మీ బండికి పనికిరాదంతే.

◆

పళ్ళ బెల్ట్ పుట్టింది కారు కోసం కాదు, కుట్టు మిషన్ కోసం. 1940ల్లో అమెరికాలోని గిల్మర్ కంపెనీ దీన్ని తయారుచేసింది. సూది దిగే క్షణానికీ కింద బాబిన్ చుట్టూ కొక్కెం తిరిగే క్షణానికీ పొత్తు తప్పకూడదు, మామూలు బెల్ట్ అయితే జారుతుంది. అమెరికాలో పాతకాలం రేసు మెకానిక్కులు పళ్ళ బెల్ట్‌ని ఇప్పటికీ గిల్మర్ బెల్ట్ అనే అంటారు.

◆

దాన్ని కారు ఇంజన్‌లో పెట్టి, మార్కెట్లో అమ్మిన మొదటి కంపెనీ పెద్ద పేరున్నదేమీ కాదు. జర్మనీలో డింగోల్ఫింగ్ అనే చిన్న ఊళ్ళో హన్స్ గ్లాస్ కంపెనీ. మొదట్లో విత్తనాలు వేసే యంత్రాలు చేసేవాళ్ళు, తర్వాత స్కూటర్లు, ఆ తర్వాత గోగోమొబిల్ అనే బుల్లి కారు. 1962లో వాళ్ళ గ్లాస్ 1004 కారు రబ్బరు పళ్ళ బెల్ట్‌తో రోడ్డెక్కింది. రబ్బరుతో వాల్వులు నడపడమేమిటని అప్పటి ఇంజనీర్లు ముక్కున వేలేసుకుని ఉంటారు. నాలుగేళ్ళకల్లా గ్లాస్ కంపెనీని బీఎండబ్ల్యూ కొనేసింది. బీఎండబ్ల్యూవాళ్ళ పెద్ద ఫ్యాక్టరీల్లో ఒకటి ఇప్పుడు ఆ డింగోల్ఫింగ్‌లోనే ఉంది.

1966లో అమెరికాలో పాంటియాక్ ఆరు సిలిండర్ల ఇంజన్‌కి గాజునార పెట్టి బలపరిచిన బెల్ట్ వేసింది. అదే ఏడాది చివర ఇటలీలో ఫియట్ 124 స్పోర్ట్ స్పైడర్ రెండు క్యామ్‌ల ఇంజన్‌తో, బెల్ట్‌తో వచ్చింది. ఆ ఇంజన్ గీసిన అవురెలియో లాంప్రెడీ అంతకుముందు ఫెరారీలో పనిచేసినవాడు.

మన దగ్గర అంబాసిడర్, పద్మిని రెండింటిలోనూ చైనే. మధ్యతరగతి ఇంటి గుమ్మంలోకి బెల్ట్ 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో వచ్చింది. అంబాసిడర్ మీద చేయి తిరిగిన మెకానిక్‌కి ఇంజన్ ముందు భాగంలో "కాలం తీరే" వస్తువు ఒకటి ఉంటుందన్నదే కొత్త సంగతి. "చప్పుడు వస్తే చూద్దాం" అనే సలహా ఆ తరానిదే. చైన్ అరిగితే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గరగరమని చెబుతుంది. బెల్ట్ సాధారణంగా ఏమీ చెప్పదు.

◆

ఒకే కారు, ఒకే ఇంజన్, ఒకే బెల్ట్, రెండు గడువులు. 1990ల చివరి మజ్దా మియాటాకి అమెరికాలో బెల్ట్ గడువు 60,000 మైళ్ళు. కానీ కారు కాలిఫోర్నియాలో ఉంటే 1,05,000 మైళ్ళు! అక్కడి గాలిలో రబ్బరు ఎక్కువకాలం మన్నుతుందని కాదు. కాలుష్య నియంత్రణతో ముడిపడ్డ భాగాల విషయంలో ఆ రాష్ట్రం నిబంధనలు వేరు, కంపెనీ కాగితం మీద రాసే మాటా వేరు. రాష్ట్ర సరిహద్దు దాటితే బెల్ట్ ఆయుష్షు 45,000 మైళ్ళు పెరగడం తగ్గడం ప్రపంచంలో ఇంకే రబ్బరుకైనా జరిగిందో లేదో! మాన్యువల్‌లో ఉన్న అంకె అంతా ప్రయోగశాలలో తేలిందే అనుకునేవాళ్ళకి ఈ మియాటా మంచి మందు.

పైగా ఆ మియాటా తొలినాళ్ళ ఇంజన్లు బెల్ట్ తెగినా వాల్వులు వంగని రకం.

◆

మనవాళ్ళకి నేరుగా తగిలే అంకె హోండా మాన్యువల్‌లో ఉంది. అమెరికాలో పిల్లాపాపలున్న తెలుగు ఇళ్ళ ముందు తరచూ కనిపించే హోండా ఒడిస్సీ వ్యాన్ సంగతే తీసుకోండి. 2000ల తొలినాళ్ళలో వచ్చిన వీ6 బండ్లకి బెల్ట్ గడువు 1,05,000 మైళ్ళు లేదా 7 ఏళ్ళు, ఏది ముందొస్తే అది. అంటే దాదాపు 1,69,000 కిలోమీటర్లు. కానీ దాని కిందే ఒక మెలిక. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన ఎండల్లోనో, మైనస్ 29 కంటే చల్లని చలిలోనో తరచూ నడిపేవాళ్ళు 60,000 మైళ్ళకే మార్చాలి. అంటే 97,000 కిలోమీటర్లు కూడా లేదు.

43 డిగ్రీలంటే రెంటచింతల, రామగుండం వాళ్ళకి మే నెలలో మామూలు మధ్యాహ్నం. డాలస్‌లో ఉన్న తమ్ముడు "మాకు లక్ష మైళ్ళు చెప్పారు అన్నయ్యా, నువ్వెందుకు తొందరపడతావ్" అని ఫోన్లో అంటే, ఆ లక్ష మైళ్ళ కింద ఉన్న రెండో వాక్యం కూడా చదవమనాలి. ఎండాకాలం డాలస్‌లో కూడా ఎండ తక్కువేం కాయదు.

తర్వాత వచ్చిన హోండా బండ్లలో మామూలు గడువు అంకె తీసేశారు. బండే లెక్క వేసుకుని డ్యాష్‌బోర్డ్ మీద కోడ్ చూపిస్తుంది, అందులో 4 కనిపిస్తే స్పార్క్ ప్లగ్గులతోపాటు టైమింగ్ బెల్ట్ వంతు వచ్చినట్టు. బండి చేతులు మారినప్పుడు ఆ 4 ఎవరు చూశారు, ఎవరు నొక్కి చెరిపేశారు అన్నది మాత్రం ఏ తెరమీదా కనిపించదు.

◆

చెరపడం అంటే గుర్తొచ్చింది. మన పాత ఇన్నోవా డీజిల్ డ్యాష్‌బోర్డ్ మీద టైమింగ్ బెల్ట్‌కే ప్రత్యేకంగా ఒక లైటు ఉంటుంది. అది వెలిగితే ఓనర్లు కంగారుపడిపోతారు, బెల్ట్ తెగబోతోందని బండి పసిగట్టేసిందనుకుంటారు. అదేం లేదు. ఆ లైటుకి బెల్ట్ కనపడదు, వినపడదు. అది లెక్కపెట్టేది కిలోమీటర్లని, అంతే. నిర్ణయించిన అంకె రాగానే వెలుగుతుంది. బెల్ట్ మార్చాక మీటరు దగ్గరున్న బటన్‌తో దాన్ని ఆర్పుతారు. మార్చకుండా కూడా ఆర్పొచ్చు! కాబట్టి సెకండ్ హ్యాండ్ ఇన్నోవాలో ఆ లైటు వెలగకపోవడం మంచి కబురో చెడ్డ కబురో తేల్చి చెప్పలేం.

◆

కిలోమీటర్ల మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇది. బెల్ట్ అరిగేది చక్రాలు తిరిగితే కాదు, ఇంజన్ తిరిగితే. లెక్క వేద్దాం. విజయవాడ, హైదరాబాద్ హైవే మీద సగటున గంటకు 60 కిలోమీటర్లు నడిచే బండికి లక్ష కిలోమీటర్లంటే దాదాపు 1,670 గంటలు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో సగటున 20 దాటని బండికి అదే లక్ష కిలోమీటర్లంటే 5,000 గంటలు. మీటరు రెండింటినీ ఒకటే అంటుంది. ఇక పెళ్ళి మండపం బయట ఏసీ వేసుకుని మూడు గంటలు నిలబడ్డ ట్యాక్సీకి ఆ మూడు గంటలూ సున్నా కిలోమీటర్లే. ట్యాక్సీ కాని బండే కొనండి అని ఊరికే అనరు.

హైవే బండి సంగతే చూసినా, 60 కిలోమీటర్ల వేగంలో 2,500 ఆర్‌పీఎం అనుకుంటే కిలోమీటరుకు 2,500 చుట్లు. లక్ష కిలోమీటర్లకి 25 కోట్ల చుట్లు. ఇంత సేవ చేసిన రబ్బరు పట్టీ ధర ఎంతో చూస్తే మనకే సిగ్గేస్తుంది. ఖర్చంతా బెల్ట్‌కి కాదు, అక్కడిదాకా విప్పే కూలికి.

◆

సుబారు పాత 2.5 లీటర్ ఇంజన్లకి అమెరికాలో చెప్పిన గడువు: 1,05,000 మైళ్ళు లేదా 105 నెలలు. 105 నెలలంటే 8 ఏళ్ళ 9 నెలలు. అంకెల ప్రాస కోసం పెట్టారో, ఇంజనీర్లు నిజంగా తేల్చారో గానీ గుర్తుండిపోతుంది.

◆

"ఈ మోడల్‌కి బెల్టా, చైనా?" అంటే బండి పేరు చూసి చెప్పలేం. 2005లో వచ్చిన స్విఫ్ట్ పెట్రోల్ 1.3 ఇంజన్‌కి బెల్ట్. తర్వాత వచ్చిన కే సిరీస్ స్విఫ్ట్‌కి చైన్. స్విఫ్ట్ డీజిల్‌లో ఫియట్ 1.3 ఇంజన్, దానికీ చైనే. హ్యుందాయ్ ఐ10లో 1.1 ఇంజన్‌కి బెల్ట్, 1.2 కప్పాకి చైన్. పాత శాంత్రోకి బెల్ట్. మన దేశంలో వచ్చిన మొదటి హోండా సిటీకి బెల్ట్, 2003లో వచ్చినదానికి చైన్. పాత ఇన్నోవా డీజిల్‌కి బెల్ట్, క్రిస్టా డీజిల్‌కి చైన్. రెనో 1.5 డీజిల్ ఇంజన్ అయితే డస్టర్, టెరానో, సన్నీ, వెరిటో అని ఎన్ని పేర్లతో తిరిగినా లోపల బెల్టే. పక్కింటాయన స్విఫ్ట్ గురించి చెప్పిన సలహా మీ స్విఫ్ట్‌కి ఎందుకు వర్తించదో ఈపాటికి అర్థమై ఉంటుంది.

చైన్ ఉంటే బతికిపోయినట్టేనా? బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఓనర్లని అడగాలి. చైన్లు సాగి తెగడం ఒక ఎత్తు, ఆ చైన్ ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉండటం ఇంకో ఎత్తు. అక్కడికి చేరాలంటే ఇంజన్‌ని గానీ గేర్‌బాక్స్‌ని గానీ బయటికి తీయాలి. చైన్ ఇంజన్‌లో ఆయిల్ మార్పు వాయిదా వెయ్యడమంటే చైన్ ఆయుష్షు కొయ్యడమే.

◆

బెల్ట్‌కి ఆయిల్ తగలకూడదని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన పరిశ్రమే, బెల్ట్‌ని తీసుకెళ్ళి ఆయిల్‌లో ముంచింది. రాపిడి తగ్గి మైలేజీ కాస్త పెరుగుతుందని. 2012లో వచ్చిన ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ ఇంజన్ వరసగా మూడేళ్ళు అంతర్జాతీయ ఉత్తమ ఇంజన్ బహుమతి కొట్టింది. దాని బెల్ట్‌కి యూరప్‌లో ఇచ్చిన గడువు 10 ఏళ్ళు లేదా 2,40,000 కిలోమీటర్లు. ఆయిల్ సరైన గ్రేడుది కాకపోయినా, అందులో పెట్రోల్ కలిసినా రబ్బరు మెత్తబడి పొట్టు రాలుతుందని, ఆ పొట్టు ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుందని తర్వాత తెలిసొచ్చింది. ఫోర్డ్ తర్వాత వాల్వుల పని చైన్‌కి అప్పగించింది, ఆయిల్ పంపుని నడిపే చిన్న బెల్ట్‌ని మాత్రం అలాగే ఉంచింది. 2023 డిసెంబరులో అమెరికాలో దాదాపు 1,40,000 బండ్లు వెనక్కి పిలిచింది ఆ ఆయిల్ పంపు బెల్ట్ టెన్షనర్ కోసమే. వాటిలో ఉన్న ఎకోస్పోర్టులు మన పక్కనున్న చెన్నైలో తయారై ఓడెక్కి వెళ్ళినవే.

ఫ్రాన్స్‌వాళ్ళది ఇంకో కథ. ప్యూజో, సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్ ఇంజన్ ఆయిల్ బెల్ట్‌కి మొదట చెప్పింది 10 ఏళ్ళు లేదా దాదాపు 1,75,000 కిలోమీటర్లు. తర్వాత అది 6 ఏళ్ళు లేదా 1,00,000కి దిగింది. గొడవ ముదిరాక 2024లో కంపెనీ ఆ బండ్లకి 10 ఏళ్ళు లేదా 1,75,000 కిలోమీటర్ల దాకా రక్షణ ప్రకటించింది. కొత్తగా కొన్నప్పుడు మాన్యువల్ చదివి, ఆ అంకెనే నమ్ముకుని కూర్చున్నవాడి పరిస్థితి ఊహించండి. కాబట్టి పాత కారు కొంటే బండితో వచ్చిన పుస్తకం ఒక్కటే కాదు, కంపెనీ తాజాగా ఏం చెబుతోందో అదీ చూడాలి.

◆

"మూత తీసి చూశా, పగుళ్ళు లేవు, ఇంకో ముప్ఫై వేలు లాగొచ్చు." ఈ సలహా ఒకప్పుడు సరైనదే. పాత బెల్టులు నియోప్రీన్ రబ్బరువి. వేడికి గట్టిపడి, వీపు మీద పగుళ్ళు వచ్చి, పోయే ముందు కంటికి చెప్పి పోయేవి. 1980ల నుంచి హెచ్ఎన్‌బీఆర్ అనే, వేడిని బాగా ఓర్చే రబ్బరు వచ్చింది. బెల్ట్ గడువులు పెరగడానికి పెద్ద కారణం అదే. చిక్కు ఏమిటంటే ఇది అంత తొందరగా పగలదు. పళ్ళ మీద ఉన్న నైలాన్ గుడ్డ అరుగుతుంది, లోపలి గాజునార పోగులు అలసిపోతాయి, పైకి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. రబ్బరు మారింది, మెకానిక్ కన్ను మారలేదు.

చూస్తే తెలిసే సంగతులూ ఉన్నాయి. వీపు మీద అచ్చువేసిన నంబర్లు, అక్షరాలు స్పష్టంగా ఉంటే బెల్ట్ మరీ ఎక్కువ తిరగలేదు, తిరిగేకొద్దీ అవి చెరిగిపోతాయి. అంచులు పీచు లేచి ఉంటే ఏదో చక్రం వంకరగా తిరుగుతోంది. మూత లోపల ఆయిల్ చెమ్మ ఉంటే క్యామ్ సీలో క్రాంక్ సీలో లీకు. అప్పుడు కిలోమీటర్లు ఎన్నయినా మార్చాల్సిందే, ముందు సీలు, తర్వాత బెల్ట్.

◆

బెల్ట్ తెగిందని చెప్పే కేసుల్లో చాలావాటిల్లో నేరం బెల్ట్‌ది కాదు. బెల్ట్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగో, ఐడ్లరో, చాలా ఇంజన్లలో అదే బెల్ట్ తిప్పే వాటర్ పంపో పట్టేస్తుంది. బెల్ట్ బలవుతుంది. "బెల్ట్ ఒక్కటే వెయ్యి, మిగతావి బాగానే ఉన్నాయి" అని మెకానిక్‌ని మనమే ఒత్తిడి చేస్తాం. ఏడాది తిరక్కుండా వాటర్ పంపు కారితే అదే కూలి మళ్ళీ కట్టాలి. కిట్ మొత్తం వెయ్యమని చెప్పే మెకానిక్ డబ్బు గుంజుతున్నాడని నేననుకోను.

◆

డబ్బు మాట వచ్చింది కాబట్టి: ఫెరారీ 355లో బెల్ట్ మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దించాలి. అదీ ఏళ్ళ లెక్కన, బండి షెడ్డులోంచి కదిలినా కదలకపోయినా. 2004లో వచ్చిన ఎఫ్430కి చైన్ వేసి ఆ గొడవ వదిలించుకున్నారు. ఎక్కువ నడపని బండికి బెల్ట్ అక్కర్లేదన్న వాదన ఫెరారీ ఓనర్ల దగ్గర చెల్లదు, మన మామగారి 18,000 కిలోమీటర్ల పదిహేనేళ్ళ శాంత్రో దగ్గరా చెల్లదు. రబ్బరుకి వయసు కూడా ఉంటుంది.

◆

బెల్ట్ తెగి ఇంజన్ పోతే ఇన్సూరెన్స్ వస్తుందా? మన దేశంలో మామూలు ప్యాకేజీ పాలసీలో అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ రెండూ మినహాయింపుల్లోనే ఉంటాయి. గుద్దుకుంటే ఇస్తారు. పిస్టనూ వాల్వూ లోపల లోపల గుద్దుకుంటే ఇవ్వరు.

◆

జపాన్‌లో బెల్ట్ మార్చినప్పుడు తేదీ, కిలోమీటర్లు రాసిన చిన్న స్టిక్కర్ ఇంజన్ దగ్గర అంటిస్తారు. అక్కడ లక్ష కిలోమీటర్లు బెల్ట్‌కి వాడుక గడువు, సెకండ్ హ్యాండ్ బండి బేరంలో ఆ స్టిక్కర్ ఉందా లేదా అన్నది ధర మార్చే సంగతి. మన దగ్గర కూడా కొందరు అంటిస్తారు గానీ ఎక్కువమంది "మార్పించాం సార్, మొన్ననే" దగ్గరే ఆగిపోతారు. బిల్లు ఉండదు, పాత బెల్ట్ ఉండదు, మీటరు తిప్పారో లేదో తెలియదు. ఇలాంటి బండి కొంటే ఏ అంకె సరైనదన్న చర్చకే అర్థం లేదు, ఎందుకంటే ఏ అంకె నుంచి లెక్కపెట్టాలో తెలియదు కదా. బేరంలోనే ఆ కిట్ ఖర్చు తగ్గించుకుని, కొన్న వారంలోనే మార్పించి, బిల్లు డ్యాష్‌బోర్డ్ అరలో పెట్టుకోవడం నయం. సున్నా మీరే వేసుకున్నట్టు.

◆

మార్పించేటప్పుడు పక్కన నిలబడి చూడగలిగితే రెండు సంగతులు గమనించండి. కొత్త బెల్ట్‌ని మెకానిక్ మడతపెట్టి, మెలితిప్పి జేబులో కుక్కితే ఆ బెల్ట్ వద్దనండి. పైకి ఏమీ కనిపించదు గానీ లోపల గాజునార పోగులు విరుగుతాయి.

రెండోది చివర్లో. మంచి మెకానిక్ పాత బెల్ట్ విప్పకముందే చక్రాల మీది టైమింగ్ మార్కులకి వైట్‌నర్ పూస్తాడు. కొత్తది ఎక్కించి టెన్షనర్ బిగించాక తాళంచెవి జోలికి పోడు. క్రాంక్ నట్టుకి రెంచి పెట్టి ఇంజన్‌ని చేత్తోనే నెమ్మదిగా తిప్పుతాడు. ఒక చుట్టు కాదు, రెండు, ఎందుకంటే క్యామ్ ఒక పూర్తి చుట్టు తిరగడానికి క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపేస్తాడు. రెండో చుట్టు పూర్తయ్యేసరికి తెల్ల మార్కులు మళ్ళీ ఎదురెదురుగా రావాలి. రాకపోతే బెల్ట్ మళ్ళీ విప్పాలి, ఎంత పొద్దుపోయినా సరే.